వేదవతి ఇసుక దాకా, బండి మీద ఇద్దరం

బెంగళూరులో మా స్నేహితులకు ఎడారి అంటే జైసల్మేరే. బండిని రైల్లో పార్సిల్ వేసి, జోధ్‌పూర్‌లో దించుకుని, అక్కణ్ణుంచి తిరిగొచ్చినవాళ్లున్నారు. మేమూ ఆ లెక్కలే వేస్తుంటే మా ఆయన అన్నారు: "ఇసుక తిన్నెల కోసం అంత దూరం ఎందుకు? మా కణేకల్లు పక్కనే ఉండాయి. నువ్వు చూళ్లేదంతే."

నిజమే. మాది దివిసీమ. కాలవ గట్టు మీద పుట్టి పెరిగినదాన్ని. అనంతపురం జిల్లాలోని కణేకల్లుకు, అంటే అత్తగారి ఊరికి, ఎప్పుడు వెళ్లినా మెజెస్టిక్‌లో రాత్రి బస్సెక్కడం, తెల్లారేసరికి దిగడం. మధ్యలో ఉన్న సీమంతా నాకు చీకట్లోనే దాటిపోయింది. ఈసారి పగటి పూటే వెళ్దాం, తిన్నగా కాకుండా చుట్టూ తిరుగుతూ వెళ్దాం అనుకున్నాం.

ఎప్పుడు వెళ్లాలో ఆయనే చెప్పారు. జూన్ ఆఖరు, ఆరుద్ర కార్తె. "ఎండాకాలంలో ఇసుక పడుకోనుంటాది. ఆషాఢం గాలికే లేస్తాది." అనంతపురం వైపు ఏడాది మొత్తానికి కురిసే వాన సగటున 550 మిల్లీమీటర్ల దగ్గర. నైరుతి మేఘాలు పడమటి కనుమల్లోనే కురిసేసి వస్తాయి. ఈశాన్యం నుంచి వచ్చేవి ఇంత లోపలికి చేరేసరికి నీరసిస్తాయి. మిగిలేది గాలి.

క్లాసిక్ 350, రెండు సైడ్ బ్యాగులు, ఒక స్పేర్ ట్యూబు, కళ్లజోళ్లు, మంచినీళ్లు. అంతే సామాను.

మొదటి రోజు: యలహంక – వీరాపురం – లేపాక్షి – కదిరి

ఎయిర్‌పోర్టు ట్యాక్సీల జోరు మొదలవకముందే యలహంక దాటేశాం. దేవనహళ్లి, ఎడమ పక్కన నంది కొండ, చిక్కబళ్లాపురం ద్రాక్ష పందిళ్లు అన్నీ మసక వెలుతురులోనే వెనక్కి పోయాయి. బాగేపల్లిలో టీకి ఆగాం. కొట్టు ఆమె కన్నడంలో పలకరించి, మా మాట విని తెలుగులోకి వచ్చేసింది. బోర్డులన్నీ కన్నడం, బెంచీ మీద కబుర్లన్నీ తెలుగు. కొడికొండ చెక్‌పోస్టు దాటాక నేల రంగు మారడం కంటికి తెలుస్తుంది. పచ్చదనం పలచబడి ఎర్రమట్టి, గుండ్ల కొండలు, సర్కారు తుమ్మ కనిపిస్తాయి.

హైదరాబాద్ వెళ్లేవాళ్లంతా ఇక్కడ గంటకు వంద మీద దూసుకుపోతారు. వాళ్లు చూడని ఊరు ఒకటి చిలమత్తూరు మండలంలో ఉంది, వీరాపురం. ఊళ్లో ఉన్న చెట్లన్నిటి మీదా ఎర్రకాళ్ల కొంగల గూళ్లు. చలికాలంలో వచ్చి, గుడ్లు పెట్టి, పిల్లల్ని పెంచుకుని వానలు ముదిరేలోపు వెళ్లిపోతాయి. మేం వెళ్లేసరికి చాలా గూళ్లు ఖాళీ. ఆలస్యంగా పుట్టిన పిల్లలు మాత్రం గూటి అంచున నిలబడి రెక్కలు విప్పుతూ ముడుస్తూ ఉన్నాయి. ఇంటి అరుగు మీద కూర్చున్న అవ్వకు తలెత్తితే పక్షి కడుపు కనిపిస్తుంది, అంత దగ్గర. చెట్టు కింద రెట్టలతో నేలంతా తెల్లగా ఉంది, నీచు వాసన గట్టిగానే కొడుతోంది. అవ్వ దాన్ని పట్టించుకున్నట్టే లేదు. "మేం కొట్టం, ఎవర్నీ కొట్టనీము. అవొస్తేనే ఊరికి మంచిది" అంది. చెరువులో నీళ్లుంటే చేపలు, చేపలుంటే కొంగలు. నీళ్లు లేని ఏడు అవీ రావు. వానకు ఈ ఊరు పెట్టుకున్న గుర్తు అది.

లేపాక్షి గురించి కొత్తగా చెప్పేది లేదు, అందరూ చూసిందే. అచ్యుతరాయల కాలంలో విరుపణ్ణ, వీరణ్ణ అన్నదమ్ములు కట్టించిన వీరభద్రాలయం, నేలకు ఆనని స్తంభం, సగంలో ఆగిన కల్యాణ మంటపం. నాకు మాత్రం రోడ్డు పక్కన ఒంటరిగా కూర్చున్న బసవన్నే నచ్చాడు. ఒకే గుండును చెక్కి చేసిన విగ్రహం, పొడవు 27 అడుగుల దాకా. మెడలో గంటల దండ ఒక్కొక్క గంటా విడివిడిగా కనిపిస్తుంది. ఆ పక్కనే ఇంకా చెక్కని గుండ్లు ఎన్నో పడి ఉన్నాయి. వాటినీ ఆయన్నీ కలిపి చూస్తే శిల్పి మొదట ఏం చూశాడో అర్థమవుతుంది. ఇక్కడ తొందరపడి సెల్ఫీ తీసుకుని వెళ్లిపోకండి. చుట్టూ ఒకసారి తిరగండి.

గోరంట్ల మీదుగా కదిరి చేరేసరికి సాయంత్రం. నరసింహస్వామి గుడి దగ్గర మల్లెలు కొన్నాం. కదిరి మల్లెలకు బెంగళూరు దాకా పేరుంది. ఆ రాత్రి లాడ్జి గదంతా అదే వాసన.

రెండో రోజు: తిమ్మమ్మ మర్రిమాను – అనంతపురం

కదిరి నుంచి పాతిక కిలోమీటర్లు వెళ్తే గూటిబయలు. దూరం నుంచి చూస్తే కొండల మధ్య చిన్న అడవి అనిపిస్తుంది. అది అడవి కాదు, ఒకటే మర్రి. 19,107 చదరపు మీటర్ల మేర కొమ్మలు పరుచుకున్నాయని 1989లో గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కింది. దాన్ని ప్రపంచం దృష్టికి తెచ్చింది బెంగళూరు విలేకరి, ఫొటోగ్రాఫర్ సత్యనారాయణ అయ్యర్. 'రిగ్రెట్ అయ్యర్' అంటే పాత బెంగళూరువాళ్లకు బాగా తెలుసు.

లోపలికి అడుగు పెట్టగానే చల్లబడింది. బయట ఎండ కాస్తోంది, లోపల చెమట ఆరిపోయింది. మొదలు ఏదో కనుక్కోవడం కష్టం. వెయ్యికి పైగా ఊడలు దిగి, వాటికవే మానులై నిలబడ్డాయి. కొత్తగా దిగే ఊడల్ని ఇక్కడివాళ్లు చంటిపిల్లల్లా చూసుకుంటారు. చీల్చిన వెదురు బొంగులో మట్టి, ఎరువు నింపి, లేత ఊడను అందులోకి దించి తాడు కడతారు. నేల తగిలేదాకా అదే దానికి దారి. ఒక బొంగు దగ్గర కూర్చుని చూశాను. ఊడ చివర తెల్లగా, తడిగా, వేలి గోరంత మెత్తటి వేరు. పైన చూస్తే అదే జాతి ఊడ ఏనుగు కాలంత లావుంది.

1434లో తిమ్మమ్మ అనే ఆవిడ భర్త చితిలో ప్రవేశించిందని, ఆ చితికి పాతిన గుంజ చిగురించి ఈ మాను అయిందని స్థల కథ. పిల్లల్లేని జంటలు వచ్చి మొక్కుతారు. నేను గుడి ముందు నిలబడ్డాను కానీ చితికి దండం పెట్టలేకపోయాను. బతకాల్సిన మనిషి ఆవిడ. ఆ మాటే ఆయనతో అంటే, కాసేపు ఆగి, "చెట్టుకు పెట్టు దండం. దాన్ని బతికించిన వాళ్లకు పెట్టు" అన్నారు. పెట్టాను. ఇంత తక్కువ వాన పడే చోట ఒక చెట్టును ఇన్ని వందల ఏళ్లు నరక్కుండా కాపాడుకున్నారంటే, ఎంతమంది ఎన్ని కరువుల్లో వంట చెరుకు కోసం చెయ్యి చాచి వెనక్కి తీసుకుని ఉంటారో.

ముదిగుబ్బ దాటాక వెనక టైరు గాలి దిగింది. బండిని అర కిలోమీటరు నెట్టుకుంటూ పోతే వేపచెట్టు కింద పంక్చర్ షాపు. పిల్లవాడికి పద్దెనిమిదేళ్లుంటాయి. చక్రం విప్పి, లీవర్లతో టైరు పక్కకు లేపి ట్యూబు లాగాడు. నీళ్ల తొట్టిలో ముంచి తిప్పుతుంటే ఒకచోట సన్నగా బుడగలు. టైరు లోపల వేళ్లతో తడిమి ముల్లు బయటికి తీశాడు. సర్కారు తుమ్మ ముల్లు, అంగుళం పైనే. "రోజూ ఇదే అక్కా. మేకు కన్నా ఇదే ఎక్కువ." ప్యాచ్ ఆరేలోపు మాటల్లో పడితే, నిరుటి దాకా బెంగళూరులోనే ఉన్నాడట, మారతహళ్లిలో బిల్డింగు పనికి. అమ్మానాన్నా ఇప్పటికీ అక్కడే. ఊళ్లో ఉన్నది నాయనమ్మ, నాలుగెకరాల చేను. మా అపార్టుమెంటు వాచ్‌మన్‌ది కళ్యాణదుర్గం, ఇస్త్రీ ఆయనది మడకశిర. రోజూ పలకరించే ఈ మనుషులు ఎక్కణ్ణుంచి వచ్చారో, ఎందుకొచ్చారో ఆ వేపచెట్టు కింద నాకు కొంచెం తెలిసింది.

బత్తలపల్లిలో ఫాదర్ ఫెర్రర్ సంస్థ ఆసుపత్రి ముందు కాసేపు ఆగాం. స్పెయిన్ నుంచి వచ్చిన విన్సెంట్ ఫెర్రర్ 1969లో అనంతపురం వచ్చి, 2009లో చనిపోయేదాకా ఇక్కడే ఉండిపోయారు. బావులు, బడులు, ఇళ్లు, ఆసుపత్రులు. ఈ పల్లెల్లో దేవుడి పటాల పక్కన ఆయన ఫొటో కనిపిస్తుంది. మా ఆయన చదివిన బడి గది కూడా వాళ్లు కట్టిందేనట. పెళ్లయి ఇన్నేళ్లకు ఆ సంగతి చెప్పారు.

మూడో రోజు: ఉరవకొండ – వజ్రకరూరు – కణేకల్లు

పొద్దున అనంతపురంలో ఉగ్గాని, మిరపకాయ బజ్జీ. బొరుగుల్ని నానబెట్టి పిండి, పుట్నాల పొడి, నిమ్మరసం వేసి చేసే ఈ టిఫిన్ బెంగళూరులో ఎక్కడ తిన్నా ఆ రుచి రాదు.

బళ్లారి రోడ్డులో కూడేరు దాటాక గాలి బండిని పక్కకు తోయడం మొదలుపెట్టింది. ఆయన బండిని కొంచెం పడమటికి వాల్చి నడుపుతున్నారు. లారీ పక్కకు రాగానే గాలి ఆగిపోతుంది, లారీ దాటగానే ఒక్కసారిగా కొడుతుంది. వెనక కూర్చున్నదాన్ని నేను కదలకుండా ఉండటమే ఆయనకు సాయం. ఉరవకొండ చుట్టుపక్కల కొండల మీద, చేలల్లో గాలిమరలు వందలకొద్దీ. కిందికి వెళ్లి నిలబడితే రెక్క దిగేటప్పుడు చప్పుడు ఛాతీలో తెలుస్తుంది. వాన ఇవ్వని గాలి కరెంటు ఇస్తోంది.

వజ్రకరూరు పక్కదారి. తొలకరికి ఇక్కడ వజ్రాల వేట. భూమి లోపల నూట యాభై కిలోమీటర్లకు పైగా లోతు నుంచి ఉబికి వచ్చిన కింబర్లైట్ రాళ్లు ఇక్కడ బయటపడ్డాయి. వయసు దాదాపు 110 కోట్ల ఏళ్లు. వజ్రాలు వాటితో పైకొచ్చినవే. రాయి చివికి మట్టయి, వాన మట్టిని కడిగేస్తే ఎప్పుడో ఒకటి తళుక్కుమంటుంది. దున్నిన చేలో యాభై మంది దాకా ఉన్నారు, తలలు వంచుకుని నడుస్తున్నారు. కొందరు కర్నూలు వైపు నుంచి, కొందరు బళ్లారి నుంచి వచ్చి గుళ్లో పడుకుంటూ వెతుకుతున్నారు. ఒకామె నాకు చూపించింది: సూర్యుడికి ఎదురుగా నడవాలి, మెరిసిన రాయిని అరచేతిలో వేసుకుని తడి వేలితో రుద్దాలి, మెరుపు పోకపోతే కొంగున కట్టుకోవాలి. ఆమె కొంగులో అలాంటి రాళ్లు గుప్పెడున్నాయి. "ఎప్పుడన్నా దొరికిందా అమ్మా?" అంటే, "మా పక్కింటోళ్లకు దొరికె" అంది. వాన బాగా పడి విత్తనం వేసుకునే ఏడాదైతే తాను రానని, చేనిపనే సరిపోతుందని కూడా చెప్పింది.

కణేకల్లు చేరుతుండగా నేను చూసింది నమ్మలేకపోయాను. వరి మళ్లు! తుంగభద్ర ఎగువ కాలువ నీళ్లతో నిండే పెద్ద చెరువు, దాని కింద మా దివిసీమలాగే ఆకుపచ్చ. "మరి ఎడారి ఏదండీ?" అన్నాను. "రేపు" అన్నారు. అత్తయ్య సంగటి, ఊరిబిండి చేసి ఉంచారు. రాత్రంతా కిటికీ రెక్క గాలికి కొట్టుకుంటూనే ఉంది.

నాలుగో రోజు: ఇసుక

చిన్నమామయ్య మాకు తోడొచ్చారు. బొమ్మనహాళ్ దాటి, గోవిందవాడ, దర్గాహొన్నూరు వైపు. కాలువ నీళ్లు అందే చివరి మడి దాటాక కొద్ది దూరంలోనే నేల తెల్లబడింది. తర్వాత దారే లేదు. బండి అక్కడ పెట్టి నడిచాం.

ఇసుక గుట్టలు. ఎక్కితే కాలు పిక్క దాకా దిగుతుంది. గాలి వచ్చే వైపు ఏటవాలుగా, అవతల వైపు నిటారుగా. అంచు మీద సన్నటి ఇసుక పొగలా లేచి అవతలికి జారుతోంది. కూర్చుని ఆ అంచునే చూశాను. రేణువులు గాల్లో తేలడం కన్నా చిన్న చిన్న గెంతులు వేయడమే ఎక్కువ. ఒకటి ఎగిరి పడి ఇంకోదాన్ని తడుతుంది, అది ఎగిరి ముందుకు పడుతుంది. అలా గుట్ట మొత్తం తూర్పుకు జరుగుతుంది. పళ్ల మధ్య, చెవుల్లో, కళ్లజోడు లోపల ఇసుక. కంచె రాళ్లు సగం దాకా పూడుకుపోయి పైతలలే కనిపిస్తున్నాయి. ఒక ఈతచెట్టు మోకు వేసి ఎక్కేంత ఎత్తున కాకుండా నా భుజం ఎత్తునే కాయలు కాసింది. మిగతా చెట్టంతా కిందే ఉంది.

ఇది ఎప్పటినుంచో ఉన్న ఎడారి కాదు. ఇది వేదవతి నది. ఇక్కడ హగరి అంటారు. కర్ణాటక నుంచి వచ్చి, గుమ్మగట్ట దగ్గర భైరవానితిప్ప ప్రాజెక్టు (బీటీపీ) దాటి, కణేకల్లు, బొమ్మనహాళ్ మీదుగా బళ్లారి వైపు పోయి తుంగభద్రలో కలవాలి. నీళ్లు రావడం మానేశాక నది వెడల్పంతా ఆరిన ఇసుకే. నైరుతి గాలి దాన్ని ఎత్తి గట్టు దాటించి చేలల్లో పోస్తుంది.

చిన్నమామయ్య గుట్ట దిగువన తన చేను చూపించారు. ఎకరంన్నర ఉంటుంది. ఏటా ఎండాకాలం చివర ట్రాక్టరు పెట్టి ఇసుక తోయిస్తారు. ఆషాఢంలో మళ్లీ వస్తుంది. "మా నాయన కాలంలో ఈడ కొర్ర, సజ్జ, కంది, ఆముదం అన్నీ కలిపి ఏస్తాండ్రి. గట్ల మీద చెట్లుండె. ఏదో ఒకటి నేలను పట్టుకోనుండె. మేం శెనక్కాయ ఒకటే పట్టుకున్యాం. అది పీకినాక చేను బోడిగుండు. గాలికి అడ్డమేముండాది?" ఆయన గొంతులో కోపం లేదు. నీళ్లు కావాలి, డబ్బు పంట కావాలి, అప్పటికి శెనక్కాయే ఇచ్చింది. ఎన్ని బోర్లు వేశారో చెప్పలేదు కానీ, ఎండిన బోరు గొట్టాలు దారిలో నేనే చూశాను, మూతలు బిగించి ఉన్నాయి.

సినిమావాళ్లకు, ఫొటోలవాళ్లకు ఈ తిన్నెలంటే ఇష్టమే. నేనూ ఫొటోలు తీశాను, బాగా వచ్చాయి. కానీ జైసల్మేర్ తిన్నెల మీద ఒంటె ఎక్కినవాళ్లు ఎవరి చేనూ తొక్కడం లేదు. ఇక్కడ మనం నిలబడ్డది ఒక కుటుంబం అన్నం మీద. వెళ్లేవాళ్లు రైతునడిగి వెళ్లండి, కాసేపు ఆయనతో మాట్లాడండి. గట్టు మీద ఎవరైనా నాటిన సర్వి, కానుగ మొక్కలుంటే తొక్కకండి. ఇసుకను ఆపగలిగేవి అవే.

తిరిగొచ్చేటప్పుడు మా ఆయన చాలాసేపు మాట్లాడలేదు. చిన్నప్పుడు ఈ ఏట్లో చెలమ తీసి నీళ్లు తాగామని, చేత్తో తవ్వితేనే ఊరేవని ఇంటికొచ్చాక చెప్పారు.

ఐదో రోజు: రాయదుర్గం – హిరియూరు – బెంగళూరు

వచ్చిన దారినే వెళ్దామనుకున్నవాళ్లం ప్లాన్ మార్చాం. నది వెనక్కి వెళ్దాం అన్నాను. రాయదుర్గంలో జీన్సు ప్యాంట్లు కుట్టే మిషన్ల చప్పుడు వీధి వీధికీ ఉంది. ఆగలేదు. మొలకాల్మూరు పట్టుచీరల బోర్డులు చూసి కూడా ఆగలేదు, అది నా వైపు నుంచి పెద్ద త్యాగమే. చళ్లకెరె మీదుగా మధ్యాహ్నానికి హిరియూరు.

అక్కడ రెండు కొండల మధ్య వాణీవిలాస సాగర్. వేదవతికి అడ్డంగా మైసూరు మహారాజులు 1907లో పూర్తి చేసిన ఆనకట్ట. జనం మారికణివె అంటారు. 1933లో ఒకసారి నిండి పొర్లాక మళ్లీ పొర్లింది 2022 సెప్టెంబరులోనే, 89 ఏళ్ల తర్వాత. 2025 జనవరిలో ఇంకోసారి. మేం వెళ్లిన రోజు నీళ్లు కొండల దాకా పరుచుకుని ఉన్నాయి. ముందురోజు పళ్లలో కరకరలాడిన ఇసుక ఈ నదిదేనంటే మనసు ఒప్పుకోలేదు. అలాగని హిరియూరు వాళ్లను అనేదేముంది? వాళ్లదీ ఎండిపోయే సీమే. వాళ్ల కొబ్బరి తోటలూ ఈ నీళ్ల మీదే బతుకుతున్నాయి. వందేళ్ల కింద ఆనకట్ట కట్టినప్పుడు దిగువన కణేకల్లు అనే ఊరుందని ఎవరైనా లెక్కలో వేసుకున్నారా అన్నదే నా బాధ.

ఆయన చిన్నమామయ్యకు ఫోన్ కలిపారు. స్పీకర్ పెట్టారు.

"చిన్నాయనా, మారికణివె కాడుండాం."

"నీళ్లుండాయా?"

"బాగుండాయి."

"గేట్లు ఎవరు చూస్తారో కనుక్కోరా. ఈసారి పొర్లితే మన ఏట్లోకి రావాల్సిందే కదా. బీటీపీ నిండితే మనకూ రెండు తడులన్నా అందుతాయేమో."

కనుక్కున్నాం. గట్టు మీద కాపలా ఉన్నాయన, పొర్లితే నీళ్లు కిందికే పోతాయి, వాన పడాలి అంతే అన్నాడు. అదే మాట ఊరికి చేరవేసి, హైవే ఎక్కి సిరా, తుమకూరు మీదుగా వచ్చేశాం. నెలమంగళ దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కుని ఇల్లు చేరేసరికి రాత్రి పదకొండు. దీపావళి వెళ్లాక హిరియూరు నుంచి బీటీపీ దాకా ఏటి గట్టు వెంటే వెళ్లాలని అనుకున్నాం. అప్పటికి గాలి తగ్గుతుంది, వానలు ఎలా పడిందీ తేలుతుంది. చిన్నమామయ్యను చళ్లకెరెలో ఎక్కించుకోవాలి, కాబట్టి ఈసారి కారు.